జాడీకి తొడిగిన టీ షర్టు

మా అమ్మాయి సెలవులకి, అరబ్బు దేశంలో మేముండే సహం ఊరికి వచ్చి ఇంకా వారం కాలేదు, వంటింట్లో నా కాఫీ డబ్బా ఉండే చోటు ఖాళీ చేయించి అక్కడ చిన్న ఫ్రిజ్ లాంటి పెట్టె ఒకటి పెట్టింది. అందులో గాజు సీసా, సీసాలో టీ డికాక్షన్, దాని మీద తేలుతూ చూడ్డానికి అంత బాగోని తెట్టు ఒకటి. కొంబుచా అంటుంది. పులిసిన టీ అంటే ఒప్పుకోదు. పెట్టె ముందు ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి. అంకె కాస్త పైకి జరిగినా కిందికి దిగినా దాని ఫోన్ కుయ్యిమంటుంది, అది కంచం ముందు నుంచి లేచి పరిగెడుతుంది. "కుదురుగా కూర్చుని తినవే" అని నిన్న కసిరితే, "వేడెక్కితే మొత్తం పాడైపోద్ది నాన్నా, నీకు తెలీదు" అంది. నాకు తెలియదట. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. వాళ్ళమ్మ నా వైపు ఒక చూపు చూసి పెరుగు వడ్డించింది.

ఆ చూపుకి కారణం ఉంది. ఈ పిల్ల తల్లి కడుపులో ఉన్న వేసవిలో, ఇదే ఊళ్ళో, ఇంతకంటే ఇరుకు ఫ్లాట్‌లో, పులిసేదాని వేడి పట్టుకోవడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అప్పుడు నేనొక కట్టుబడి కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. అంతకుముందు రెండుసార్లు మాకు గర్భం నిలవలేదు. మూడోసారి నిలిచింది అనుకునేసరికి వేవిళ్ళు పట్టుకున్నాయి. మామూలు వేవిళ్ళు కావు. మంచినీళ్ళు తాగినా బయటికి వచ్చేసేవి. మనిషి దుప్పట్లో ఉందో లేదో తెలియనంత చిక్కిపోయింది. ఊరికి పంపేద్దామంటే, ఈ నీరసంలో విమానం వద్దంది డాక్టరమ్మ. ఆవిడ కేరళ మనిషి, హిందీలో మెల్లగా చెప్పింది: కడుపులో నిలిచేది ఏదో ఒక్కటి వెతికి పట్టుకోండి, ఇంకా బరువు తగ్గితే బిడ్డకి మంచిది కాదు అని. అసలే నాది ఒకచోట కూర్చునే ఒళ్ళు కాదు. ఆ మాట విన్నాక కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఇడ్లీ అన్నాను, దానిమ్మ అన్నాను, లబన్ అనే ఇక్కడి మజ్జిగ అన్నాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. చివరికి కళ్ళు మూసుకునే, "మా అమ్మమ్మ తరవాణి ఒక్క గ్లాసుంటే తాగుతానండి" అంది.

తరవాణి అంటే ఎరగని వాళ్ళకి చెప్పాలి. చల్లారిన గంజిలో గుప్పెడు అన్నం, ఉప్పు, దబ్బాకు వేసి వంటింటి మూల పెడితే నాలుగు రోజులకి పుల్లబడే నీళ్ళు. మా ఆవిడ పుట్టిల్లు కోనసీమ. వాళ్ళింట్లో ఆ కుండ ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. పొద్దున్న ఎంత ముంచుకుంటే అంత కొత్త గంజి పోసేవారు. అడుగున మిగిలిన పాతదే కొత్తదానికి తోడు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింటికి వెళ్తే ఆ వాసనకి నేను వీధి అరుగు మీదికి పోయేవాణ్ణి. అలాంటి నేను ఊరగాయ జాడీ కడిగి, గంజి వార్చి, సహం తోటల్లోకి పోయి నిమ్మాకు కోసుకొచ్చాను, దబ్బాకు ఇక్కడెక్కడ దొరుకుతుంది. మంచం మీద నుంచి ఆవిడ చెబుతుంటే అన్నీ వేసి, వంటింటి మూలనే పెట్టాను. ఏసీ లేని ఆ వంటిల్లు అప్పుడు కొలిమి. మర్నాటికే జాడీ మురిక్కాలవ కంపు కొట్టింది. పారబోసి, మళ్ళీ కలిపి ఈసారి పడగ్గదిలో ఏసీ కింద పెట్టాను. ఎన్నాళ్ళు చూసినా అది గంజి గంజిలాగే ఉంది. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. సగం వేడి, సగం చలి కలిస్తే మధ్యస్థం కదా. డ్యూటీకి వెళ్ళేటప్పుడు జాడీని వంటింట్లో పెట్టడం, భోజనానికి వచ్చినప్పుడు ఏసీ కిందికి మార్చడం, సాయంత్రం మళ్ళీ వంటింట్లోకి మోయడం. నా లెక్క నాకు బాగానే తోచింది. జాడీకి తోచలేదు. పైన బూజు కట్టింది, రుచి చూస్తే పులుపూ కాదు చప్పనా కాదు. మా ఆవిడ ఒక చుక్క నాలిక మీద వేసుకుని ముఖం గోడవైపు తిప్పేసుకుంది. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

మా సైట్‌లో పెద్ద ఇంజనీరు ఒకాయన ఉండేవాడు, ఆస్ట్రేలియా మనిషి. సిమెంటు బస్తాల లెక్క తప్పు రాస్తున్నానని పిలిచి, ఏమైందని అడిగాడు. మొత్తం చెప్పేశాను. గంజి సంగతి వినగానే ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. వాళ్ళ ఊళ్ళో రేకుల షెడ్డులో సొంతంగా బీరు పులియబెట్టేవాడట. "ఇక్కడ ఆ పని చెయ్యను, నాకు ఉద్యోగం కావాలి" అని నవ్వి, "నువ్వు దాన్ని ఒకసారి పొయ్యి మీద, ఒకసారి మంచులో పెడుతున్నావు. అలా ఊగిసలాడిస్తే ఏదీ సరిగ్గా పులవదు. ఎంత వేడి అన్నది ఒక ఎత్తు, ఆ వేడి మారకుండా ఉండడం ఒక ఎత్తు" అన్నాడు. ఏసీ కొనే స్తోమతు వాళ్ళ నాన్నకి ఉండేది కాదట, ఆయన వాడిన ఉపాయమే నాకూ చెప్పాడు. పెద్ద టబ్బులో నీళ్ళు పోసి జాడీని అందులో కూర్చోబెట్టు, నీళ్ళు తొందరగా వేడెక్కవు. పాత టీ షర్టు ఒకటి జాడీకి తొడుగు, అంచులు నీళ్ళలో మునగాలి. టేబుల్ ఫ్యాన్ పెట్టు. ఎండ మరీ ముదిరితే గడ్డకట్టిన నీళ్ళ సీసా ఒకటి టబ్బులో వెయ్యి. అంతే. చేపల తొట్టెకి అంటించే పట్టీ థర్మామీటరు కూడా ఆయనే తెప్పించి ఇచ్చాడు. ముప్పై దగ్గర పట్టు, ఊగనివ్వకు అన్నాడు.

సాయంత్రానికి మా హాల్లో నీలం టబ్బు మధ్య, కంపెనీ టీ షర్టు వేసుకుని, మెడ దగ్గర గుడ్డ కట్టుకుని, కొత్తగా గంజి కలిపిన జాడీ కూర్చుంది. గోడ పట్టుకుని బాత్రూమ్‌కి పోతున్న మా ఆవిడ ఆగి, "ఎవరండీ ఈయన, భోజనం పెట్టారా?" అంది. ఎన్నాళ్ళకో నవ్వింది. పడమటి నుంచి పొడి గాడ్పు కొడుతున్న ఆ రెండు రోజులూ థర్మామీటరు బుద్ధిగా ఉంది. మూడో రోజు గాలి తిరిగి సముద్రం వైపు నుంచి ఉక్క మొదలైంది. తడి గుడ్డ ఆరితే కదా చల్లదనం. ఆరడం మానేసింది, అంకె పైకి పాకుతోంది. మా ఫ్రీజర్‌లో పెట్టిన సీసా ఇంకా గడ్డకట్టలేదు. ఆగే ఓపిక నాకేదీ, చేపల రేవుకి పరిగెత్తి బకెట్ నిండా ఐసు అడిగి తెచ్చి టబ్బులో కుమ్మరించాను. వేడి దిగింది. ఇల్లంతా నీచు కంపు లేచింది. "ఏవండీ, చేపలెక్కడివండీ ఇంట్లో" అంటూ ఆవిడ నోరు మూసుకుని పరిగెట్టింది. ఆ వాంతుల చప్పుడు తలుపు బయట నిలబడి విన్నాను. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. జాడీ మూతికి గుడ్డ గట్టిగా కట్టి ఉండబట్టి లోపలిది బతికింది. టబ్బు నిమ్మచెక్కలతో తోమి, టీ షర్టు మార్చి, కొత్త నీళ్ళు పోశాను.

మర్నాటి నుంచి సైట్‌లో పనివాళ్ళ కోసం గడ్డకట్టించే నీళ్ళ సీసాల్లోంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నాకు ఇమ్మన్నాడు ఇంజనీరు. దాంతో సంగతి అందరికీ తెలిసిపోయింది. కడప నుంచి వచ్చిన మా డ్రైవర్ సాయిబు రోజూ బండి ఆపగానే, "ఏం భాయ్, వదినమ్మ గంజి పులిసిందా లేదా?" అని అడిగేవాడు. లేదని చెప్పడం కష్టంగా ఉండేది.

ఒక పొద్దున నేను గుడ్డ విప్పుతుంటే, "వచ్చిందండీ" అంది మంచం మీద నుంచి. నేనింకా వాసన చూడనేలేదు. నిమ్మాకు వాసన, దాని వెనక శుభ్రమైన పులుపు, అంచుల వెంట చిన్న చిన్న బుడగలు. అర గ్లాసు ముంచి ఇచ్చాను. గుక్క గుక్కకీ ఆగి తాగింది. నేను గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతుంటే, "మీరు తిరిగితే నాకు తిప్పుద్ది, ఇక్కడ కూర్చోండి" అంది. కూర్చున్నాను. కింద సాయిబు హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, వెళ్ళిపోయాడు. నేను లేవలేదు. నా చేతి మీద ఆవిడ చెయ్యి బరువెక్కింది. చూస్తే నిద్రపోయింది. తాగింది లోపలే ఉండిపోయింది. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సాయంత్రం ఇంకో గ్లాసు అడిగింది. జాడీలో ముంచినంతా మళ్ళీ గంజి పోస్తూ, వాళ్ళ అమ్మమ్మలాగే, పురుడు వచ్చేదాకా దాన్ని ఖాళీ కానివ్వలేదు నేను.

ఇదంతా నిన్న మా అమ్మాయికి చెప్పాలనుకుంటూ ఉండగానే దాని ఫోన్ మళ్ళీ కుయ్యిమంది, అది మళ్ళీ పెట్టె దగ్గరికి ఉరికింది. "అస్తమానం మూత తియ్యకే, దాని మానాన దాన్ని పులవనీ" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఆ మాట చెప్పేది మీరా" అంది. పిల్ల తిరిగి వచ్చి కంచం ముందు కూర్చుని, తల్లి వైపూ నా వైపూ చూసి ఏంటని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ జాడీ పులవడానికి పట్టిన ఆ కొద్ది రోజులూ ఎలా గడవలేదో నాకు ఇప్పటికీ గుర్తుంది గానీ, ఈ పిల్ల ఇంతదవడానికి పట్టిన ఏళ్ళన్నీ ఏ పూట గడిచిపోయాయో ఒక్కటీ గుర్తు రాదు.