ఏడు బొగ్గు గీతలు

నా చిన్నప్పుడు, ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు ఇంకా పాతని రోజుల్లో, నాచారం కారఖానాల వెనక సందులో ఉండేవాళ్లం. మా తాతకు పెళ్లి ఊరేగింపులకు పంపే గుర్రాలు రెండు ఉండేవి. ఒక ఎండాకాలం ఆయన అప్పటిదాకా ఎవరూ ఎక్కని టట్టునొకదాన్ని తెచ్చాడు. టట్టంటే పొట్టి గుర్రం. ఆదివారాలు పార్కు దగ్గర పిల్లల్ని ఎక్కించి తిప్పాలని ఆయన ఆలోచన. అందరికంటే ముందు ఎక్కేది ఐదేళ్ల మా చెల్లె.

తాత తొందరపడే మనిషి కాదు. చెల్లెను కిరాణా కొట్టు కాంటా మీద నిలబెట్టి, అంతే బరువు వచ్చేలా గోనెసంచిలో ఇసుక, తవుడు నింపి కుట్టాడు. దానికి చెల్లె పాత గౌను తొడిగాడు. ఆ బరువు, ఆ వాసన టట్టుకు అలవాటు కావాలట. సంచిని దాని వీపు మీద కట్టి, రోజూ సాయంత్రం సైరను మోగే వేళకు కారఖానా గేటు దాకా నడిపించే పని నాది. నాకప్పుడు పదేళ్లు.

"సైరన్ కూసినా కదలకుంటే గోడకు ఒక బొగ్గుగీత గియ్యి. బెదిరిందనుకో, అన్నీ తుడిచెయ్యి. మళ్ల ఒకటికెల్లి మొదలువెట్టు. ఏడైతేనే పిల్లనెక్కిస్త."

"ఆరైతే నడ్వదా తాతా?"

"ఆరుకు నిన్నెక్కిస్త. పడితే నవ్వెటందుకు నేనున్న. పో!"

నాలుగు గీతలు పడ్డాయి. ఐదో రోజు సైరను మోగగానే టట్టు ఒక్కసారిగా ఎగిరింది. సంచి జారి కంకర మీద పడి, మూల చిరిగి ఇసుక కారింది. చెల్లె అప్పటికే వాడకట్టంతా "గుర్రమెక్కుత" అని చాటుకుంటోంది. ఆ నాలుగు గీతలు తుడవడానికి నాకు చేతులు రాలేదు. ఇసుక ఎత్తి పోసి, అమ్మ డబ్బాలో దొరికిన ఎర్రదారంతో చిరుగు కుట్టి, ఐదో గీత గీశాను. ఆరోది, ఏడోది నిజంగానే పడ్డాయి.

మర్నాడు సాయంత్రం తాత చెల్లెను ఎత్తుకొచ్చాడు. టట్టు గుర్తుపట్టాలని, సంచికున్న గౌనే విప్పి చెల్లెకు తొడిగాడు. తాడు నా చేతిలో ఉంది. సంచి పడ్డనాడు కంకరకు గీరుకుని గౌను భుజం దగ్గర చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి చెల్లె ఒళ్లు కనిపించింది.

"వద్దు తాతా! ఐదోనాడు బెదిరింది. సంచి పడ్డది," అని ఏడ్చేశాను.

తాత చేతులు చెల్లె చంకల కిందే ఉన్నాయి. ఆమెను టట్టు వీపుకు తాకనే తాకనివ్వలేదని అప్పుడు చూశాను.

"నేను కుట్టింది తెల్లదారం బిడ్డా. ఎర్రదారం ఆనాడే జూసిన. నీ నోట వస్తదా రాదా అని ఆగిన."

"రాకుంటే?"

"ఈ తాడు ఇగ నీ చేతికి ఇయ్యకపోయేటోణ్ణి."

కొట్టలేదు, తిట్టలేదు. తడిగుడ్డ ఇచ్చాడు. ఏడు గీతలూ నేనే తుడిచాను. చెల్లె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. టట్టు మధ్యలో మరోసారి బెదిరింది, మళ్లీ తుడిచాను. చివరికి ఏడూ పడ్డాక తాత చెల్లెను ఎక్కించి తాడు నా చేతికే ఇచ్చాడు. సైరను మోగింది. టట్టు చెవులు మాత్రం కదిపి నిలబడింది.

తాత పోయి చాలా ఏళ్లయింది. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఇప్పుడు బడిలో ఆయాను. సాయంత్రం పిల్లల్ని బస్సెక్కించి తలలు లెక్కపెడతాను. మధ్యలో ఎవరో పిలిచి లెక్క తప్పితే, డ్రైవరు ఎంత హారన్ కొట్టినా సరే, మళ్లీ ఒకటి నుంచే మొదలుపెడతాను.