అంచులేని తూటాలు, అప్పడాల కర్ర

ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా నడుస్తున్న తుపాకీ పోటీని ఒకే ఒక్క మనిషి, ఒకే ఒక్క శనివారం మధ్యాహ్నం, కేవలం వంటింటి సామాన్లతో ఎలా తలకిందులు చెయ్యగలడో మీకు తెలియకపోతే కాస్త ఇలా కూర్చోండి. ఆ మనిషిని నేనే. ముందే చెబుతున్నాను, ఎవరికీ దెబ్బ తగల్లేదు, పరువుకి తప్ప. ఆ పరువు కూడా నాదే కాబట్టి ఫిర్యాదు చేసేవాళ్లు లేరు.

మేముండేది మోరిస్‌విల్‌లో. మా పక్కింటాయన ఎర్ల్. డెబ్భై నాలుగేళ్ల మనిషి, స్కూలు బస్సులు బాగుచేసి రిటైరయ్యాడు. ఈ దేశంలో గడ్డి కోసే మిషన్‌ని స్టార్ట్ చెయ్యడం నాకు నేర్పిన గురువు. మంచు కురిసిన ఓ పొద్దున నా కారు జారి రోడ్డుపక్క గుంటలో పడితే, పైజమా మీదే వచ్చి తన ట్రక్కుకి కట్టి బయటికి లాగాడు. లాగేటప్పుడు ఒక్క మాటా అనలేదు. నేనైతే కనీసం నాలుగనేవాణ్ణి.

ఈ ఎర్ల్ నెలకో ఆదివారం ఊరి బయట తుపాకులు కాల్చే రేంజ్‌లో రివాల్వర్ల పోటీకి వెళతాడు. వీసా మీద ఉన్నన్నాళ్లూ తుపాకీ బొమ్మ ఉన్న షాపు ముందు కారు కూడా ఆపని భయస్తుణ్ణి నేను. గ్రీన్‌కార్డు వచ్చాక ధైర్యం రాలేదు గానీ కుతూహలం వచ్చింది. రెండుసార్లు ఆయన వెంట వెళ్లి, చెవులకి డిప్పలు తగిలించుకుని, దూరంగా నిలబడి చప్పట్లు కొట్టి వచ్చాను. రెండుసార్లు పెళ్లి భోజనం చేసినవాడు వంటవాడు అయిపోయినట్టు, తుపాకుల గురించి నాకు అంతా తెలిసిపోయింది.

ఆ శనివారం ఎర్ల్ ఓ రేకు పెట్టె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"రావ్, ఈ వారం నా వేళ్లు మాట వినడం లేదు. కీళ్లనొప్పి. ఈ క్లిప్పుల్లో ఖాళీవి తీసి కొత్తవి ఎక్కించాలి. రేపు పొద్దున్నే పోటీ."

"అదెంత పని! ఇలా ఇవ్వండి."

"ఒక్క నిమిషం, ఎలాగో చూపిస్తాను..."

"ఎర్ల్! నేను ఇంజనీర్ని."

నా ఇంజనీరింగ్ అంతా కంప్యూటర్ తెర మీదే. ఇనప వస్తువులతో నా పరిచయం ఆవకాయ సీసా మూత దగ్గర మొదలై అక్కడే ఆగింది. ఆ మూత కూడా సాధారణంగా మా ఆవిడే తీస్తుంది.

ఇక్కడ మీకో చిన్న సంగతి చెప్పాలి. మామూలు రివాల్వర్ తూటాకి అడుగున అంచు ఉంటుంది, మన కాఫీ గ్లాసుకి పైన ఉన్నట్టు. పేల్చాక ఖాళీ డొల్లని రివాల్వర్ ఆ అంచు పట్టుకుని బయటికి తోస్తుంది. ఎర్ల్ రివాల్వర్‌లో పట్టేవి అంచులేని తూటాలు. అంచులేని గ్లాసులో పొగలు కక్కే కాఫీ పోస్తే ఎక్కడ పట్టుకుంటాం? అందుకని మూన్ క్లిప్ అని ఒకటి కనిపెట్టారు. పేరుకి చంద్రుడే గానీ బిస్కెట్టు కంటే చిన్నది, పల్చటి ఉక్కు బిళ్ల, చుట్టూ ఆరు నోళ్లు. ఒక్కో నోట్లో ఒక్కో తూటా కరిపించి, ఆరింటినీ ఒకేసారి తుపాకీలోకి దింపుతారు. పేల్చాక ఆరూ ఒకేసారి బయటికొస్తాయి. ఆ బిళ్ల తిన్నగా ఉండాలి. వెంట్రుకవాసి వంగినా తుపాకీ అలుగుతుంది. ఈ ఆఖరి వాక్యం నాకు ఆదివారం తెలిసింది.

పెట్టెలో పన్నెండు బిళ్లలున్నాయి, పోయిన నెల పేల్చిన డొల్లలతో సహా. కొత్త తూటాల డబ్బా ఉంది. ఒక ఇత్తడి గొట్టం కూడా ఉంది. గ్యారేజ్‌లో బల్ల మీద అన్నీ పరుచుకుని కూర్చున్నాను.

మా ఆవిడ పద్మ తొంగి చూసింది. తను ఫార్మసీలో పనిచేస్తుంది. చుక్క మందు ఎక్కువైనా ఊరుకోదు, తక్కువైనా ఊరుకోదు.

"ఏంటండీ అవి? జంతికల బిళ్లలా?"

"మూన్ క్లిప్పులు. నీకు తెలీదులే."

"మీకు తెలుసా?"

"చూస్తే తెలియట్లా?"

"మరి ఆ గొట్టం దేనికి?"

"అదేదో పెన్ను మూత కాబోలు."

కాదు. ఆ గొట్టాన్ని డొల్ల మీద తొడిగి మెల్లగా తిప్పితే, బిళ్ల వంగకుండా డొల్ల ఊడి వస్తుంది. అదొక్కటే దాని జన్మకారణం. దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి, నేను స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. డొల్లకీ బిళ్లకీ మధ్య దూర్చి ఒక్క పెకలింపు పెకిలించాను. టింగ్! డొల్ల ఎగిరి వెళ్లి కారు కింద పడింది. ఎంత సుఖంగా ఉందో! డెబ్భై రెండు డొల్లలు, డెబ్భై రెండు టింగులు.

అయ్యాక చూస్తే బిళ్లలన్నీ నూనెలో వేగిన వడియాల్లా లేచి ఉన్నాయి.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. తుపాకీకి లేని దురద అప్పడాల కర్రకెందుకు? పద్మ ఫోన్‌లో వాళ్ల అక్కతో మాట్లాడుతున్న సమయం చూసి, వంటింట్లోంచి పీటా కర్రా తెచ్చాను. ఒక్కో బిళ్లని పీట మీద పెట్టి మొదట ఒత్తాను, తరవాత కొట్టాను. పన్నెండోదాన్ని కొడుతుండగా వెనక నించి గొంతు వినిపించింది.

"నా చపాతీ పీట మీద ఏం చేస్తున్నారు?"

"తిన్నగా చేస్తున్నాను."

"కొలిచారా?"

"కంటికి తెలుస్తోందిగా పద్మా!"

"మా ఫార్మసీలో ఈ మాటంటే ఉద్యోగం పోతుంది" అని పీట తీసుకుని వెళ్లిపోయింది. కర్ర అక్కడే వదిలేసింది. అది ఇంక చపాతీలకి పనికి రాదని ఆవిడకి ముందే తెలిసింది.

సాయంత్రానికి కొత్త తూటాలన్నీ ఎక్కించి పెట్టె ఎర్ల్‌కి అప్పగించాను. కాసేపటికి ఆయన మళ్లీ మా తలుపు తట్టాడు. ఏదో చెప్పబోతున్నట్టు నిలబడ్డాడు. నేను ఆగితేగా!

"ఇంకేమైనా ఉంటే తీసుకురండి ఎర్ల్, చేసేస్తాను! మొహమాటపడకండి!"

ఆయన నా ముఖంలోకి చూసి, "థాంక్యూ రావ్" అని వెళ్లిపోయాడు.

ఆదివారం రేంజ్‌లో ముప్ఫై మంది దాకా ఉన్నారు. పోటీ నడిపించేది డోనా. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు, మైకుకే ఆవిడ గొంతు కావాలి. ఆరు ఇనప పళ్లేలు కొట్టాలి, మళ్లీ తూటాలు నింపి ఇంకో ఆరు కొట్టాలి. బాగా చేసేవాళ్లకి పదిహేను సెకన్లు. ఎర్ల్ వంతు వచ్చింది. బజర్ మోగింది. ఆయన నా మొదటి బిళ్లని దింపి, తూటాలు కూర్చునే సిలిండర్ మూసి, ట్రిగ్గర్ నొక్కాడు.

ట్రిగ్గర్ కదల్లేదు.

ఇంకోటి దింపాడు. రెండు పేలి బిగుసుకుపోయింది. మూడోదానికి సిలిండర్ అసలు మూసుకోలేదు.

"ఆపండి!" అని డోనా వచ్చి, ఒక బిళ్లని ఆకాశానికి ఎత్తి ఒంటికన్నుతో చూసింది. "ఎర్ల్, ఇది బంగాళదుంప చిప్‌లా ఉందేంటి? ఎవరు చేశారిది?"

ఎర్ల్ వెనక్కి తిరిగి, పెళ్లికొడుకుని చూపించినట్టు నన్ను చూపించాడు. "మా పక్కింటాయన. ఇంజనీర్."

ముప్ఫై జతల కళ్లు నా మీద పడ్డాయి. ఇలాంటప్పుడు తెలివైనవాడు నోరు మూసుకుంటాడు. నేను సలహా ఇచ్చాను.

"ఆ బిళ్లలు లేకుండా తూటాలు ఊరికే వేసేసుకుంటే?"

"పేలతాయి" అన్నాడు ఎర్ల్ శాంతంగా. "బయటికి రావు."

డోనా బిళ్లని ఎర్ల్ చేతిలో పెట్టింది. "కూడదని రూల్స్‌లో ఎక్కడా లేదు" అని చెవి మీదున్న స్కోరు రాసే పెన్సిల్ తీసి ఎర్ల్‌కి ఇచ్చింది. "పొడిచి తీసుకో. మొదటినించీ మొదలుపెడదాం."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటారు. మేం క్లిప్పులు వంగాక పెన్సిల్ పట్టుకున్నాం.

బజర్ మోగింది. ఆరు దెబ్బలు, ఆరు పళ్లేలు పడ్డాయి. ఎర్ల్ సిలిండర్ తెరిచి, ఆ కొయ్యబారిన వేళ్లతో పెన్సిల్ పట్టుకుని ఒక్కో డొల్లనీ ముందునించి వెనక్కి పొడవడం మొదలెట్టాడు. మొదటి డొల్ల ఊడి సిమెంటు మీద పడింది. "ఒకటి!" అని ఎవరో అరిచారు. రెండోదానికి పదిమంది అరిచారు. మూడోదానికి పెన్సిల్ ముక్కు విరిగింది. తిప్పి పట్టుకుంటే నాలుగోదాంట్లో రబ్బరు ఇరుక్కుంది. ఆ రబ్బరు తియ్యడానికి ఇంకో పెన్సిల్ కోసం జనం జేబులు తడుముకున్నారు.

నాకు కాళ్ల కింద నేల చీలితే బాగుండుననిపించింది. నా కారుని గుంటలోంచి లాగిన చేతులవి. వాటిని ముప్ఫై మంది ముందు నవ్వులపాలు చేశాను. ఎర్ల్ భుజాలు వణుకుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. ఓ అడుగు పక్కకి వేసి చూశాను.

నవ్వుతున్నాడు! కళ్లజోడు ఆవిరి పట్టేలా, చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

"ఆరు!" అని రేంజ్ అంతా అరిచింది. ఆయన కొత్తవి ఒక్కొక్కటే దింపి, ఆరు పళ్లేలూ పడగొట్టాడు. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఒక్కటీ గురి తప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఓ పెద్దాయన టోపీ తీసి ఊపాడు.

సామాన్లు ట్రక్కులో పెడుతుంటే సీటు కింద ఇంకో పెట్టె కనిపించింది. మూత తీశాను. నిండా మూన్ క్లిప్పులు, తూటాలు ఎక్కించి, అద్దంలా తిన్నగా.

"ఎర్ల్, ఇవి..."

"పాత సెట్టు. నిన్న సాయంత్రం నేనే నింపాను. రెండు గంటలు పట్టింది. నువ్వు చేసినవాటిలో ఒకటి బల్ల మీది అద్దం మీద పెట్టి చూశాలే. ఉయ్యాల ఊగింది."

"మరి నాకు చెప్పచ్చుగా!"

"చెబుదామనే మీ తలుపు తట్టాను. నీ ముఖం చూశాక నోరు రాలేదు."

"పోనీ, ఇక్కడైనా వీటిని బయటికి తియ్యచ్చుగా!"

ఎర్ల్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "నువ్వు చూస్తున్నావని ముందు నీవే వాడాను, కుదరకపోతే ఇవి తీద్దామనే అనుకున్నా. ఇంతలో డోనా ఆ పెన్సిల్ ఇచ్చింది. ఇరవై రెండేళ్లుగా వస్తున్నాను రావ్. ఎప్పుడూ తొమ్మిదో స్థానమో, పదో స్థానమో. నేనెప్పుడు మొదలెట్టానో, ఎప్పుడు ముగించానో ఎవడూ చూడడు. ఇవాళ అందరూ నిలబడి లెక్కపెట్టారు."

కాబట్టి పాఠకులారా, తూర్పుకి తిరిగి, స్నానం చేసి, పద్మ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నాకు తెలియని వస్తువుని ఇంకెప్పుడూ తిన్నగా చెయ్యబోను. ఎవరైనా ఎలాగో చూపిస్తానంటే నా డిగ్రీ సంగతి ఎత్తను. డెబ్భై దాటిన పెద్దమనిషికి సాయం చేసి, ఆయన ఏమీ అనకుండా థాంక్యూ చెప్పి వెళ్లిపోతే, పని బాగా చేశానని జన్మలో అనుకోను.