అత్తయ్య ఇంట్లో నార్వే అమ్మాయి

మొన్న శనివారం మా సిడ్నీ రౌస్ హిల్ షాపింగ్ సెంటర్‌లో కూరగాయల సంచీ పుచ్చుకుని మెట్రో స్టేషన్ వైపు నడుస్తుంటే, టీవీల దుకాణంలో వరుసగా పెట్టిన తెరలన్నిటి మీదా ఒకే దృశ్యం, మంచు నిండిన అడవిలో కొందరు ఆడపిల్లలు స్కీల మీద గుట్ట ఎక్కుతూ కనిపించారు. కొండ మీంచి కిందికి జారే స్కీయింగ్ కాదది, చదును నేల మీదా ఎగువ మీదా సొంత కాళ్ళతో, చేతికర్రలు పొడుచుకుంటూ మైళ్ళ తరబడి సాగే పందెం. అందరికంటే ముందున్న పిల్ల టోపీ మీద నార్వే జెండా ఉంది. దుకాణంలో కుర్రాడు బయటికొచ్చి ఏ సైజు టీవీ కావాలని మర్యాదగా అడిగేదాకా నేనక్కడ అంతసేపు నిలబడ్డానని నాకే తెలియలేదు. ఏమీ వద్దు నాయనా అని కదిలాను గాని, రైలెక్కాక కూడా కడుపులో ఎక్కడో పాత మంట రాజుకుంటూనే ఉంది. నా ఈడు వాళ్ళు మీరూ ఎవరో ఒకరి పేరు మీద ఇలాంటి మంట ఒకటి దాచుకునే ఉంటారు కనక మీతో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, క్షమాపణ చెప్పుకునే ఉద్దేశం అంతకన్నా లేదు.

ఎనభైల్లో నేను చీరాల నుంచి కాన్‌బెర్రాకి పీహెచ్‌డీ చెయ్యడానికి వచ్చి మా మేనత్త ఇంట్లో దిగాను. అత్తయ్య ఆసుపత్రిలో నర్సు, మావయ్య ప్రభుత్వ ఉద్యోగి, వాళ్ళకి పిల్లలు లేరు. ఆ ఊళ్ళో అప్పటి తెలుగు కుటుంబాలన్నీ కలిపితే ఒక హాల్లో సరిపోయేవి. పిల్లల్లేని ఇంట్లో మేనకోడలి వైభవం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా, మొదటి ఏడాదంతా ఆ ఇంటికి నేనే మహారాణిని, నా తలనొప్పి ఇంటిల్లిపాదికీ తలనొప్పి. రెండో ఏడాది, వెనకగది ఊరికే పడి ఉంది కదా అని మావయ్య యూనివర్సిటీలో ఒక కాగితం అంటించి వచ్చాడు. అది చూసుకుని, అడవుల పెంపకం గురించి చదవడానికి వచ్చిన నార్వే అమ్మాయి ఒకతి, తనకంటే పొడుగ్గా ఉన్న స్కీల సంచీ భుజాన వేసుకుని మా గుమ్మంలోకి దిగింది.

చదువు పేరుకే గాని ఆ పిల్ల వచ్చింది మంచు కోసం. చిన్నతనంలో వాళ్ళ దేశంలో పతకాలు గెలిచిందట, పెద్దయ్యాక జాతీయ జట్టులోకి వెళ్ళి, రెండేళ్ళు పరిగెత్తి, మోకాలు దెబ్బ తిని జారిపోయిందట. మళ్ళీ ఆ జట్టులోకి ఎక్కడమే ఆమె జీవిత ధ్యేయం. వాళ్ళకి ఎండాకాలమైనప్పుడు మనకిక్కడ కొండల మీద మంచు పడుతుంది కనక అది కరిగేదాకా ఇక్కడ సాధన చేసేది, డిసెంబరులో మన యూనివర్సిటీకి సెలవులివ్వగానే విమానమెక్కి అక్కడి చలిలోకి పోయి పందేలు ఆడి వచ్చేది. ఏడాదికి రెండు చలికాలాలు, ఒక్క వేసవి కూడా సరిగ్గా చూడని బతుకు. ఇంకో ఏడాదిలో వాళ్ళ జట్టు మన కొండల మీదకి సాధనకి వస్తుందని, ఇక్కడ జరిగే పందెంలో బాగా ముందు నిలిస్తే కోచ్ తిరిగి తీసుకుంటానన్నాడని, ఆ ఒక్క రోజు కోసమే ఇంత దూరం వచ్చానని మొదటి రోజే మా అత్తయ్యతో చెప్పింది. అత్తయ్య ఆ క్షణంలోనే ఆ పిల్ల పక్షం చేరిపోయింది.

నా పతనం మొదలైంది భోజనాల బల్ల దగ్గర. నేను పుట్టుకతోనే అర్ధాకలి మనిషిని, ఒక ముద్ద ఎక్కువైతే కడుపు పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ పిల్ల అట్లు పోసేకొద్దీ తినేది, ముద్దపప్పూ ఆవకాయా కలుపుకుని మళ్ళీ పెట్టమనేది, గిన్నె అడుగున మిగిలిన గోంగూరని రొట్టెముక్కతో తుడుచుకునేది. పందేలకి జేబుల్లో సున్నుండలు వేసుకుని పోయేది. పైగా ఇక్కడి మన పిల్లలంతా ఆంటీ అని పిలిచే మా అత్తయ్యని, నా నోట విని నేర్చుకుని, శుభ్రంగా అత్తయ్యా అని పిలిచేది. ఆ పిలుపు నా సొత్తు కదా, అడగకుండా ఎలా తీసుకుంటుంది? ఒకరోజు ఉండబట్టలేక, నాకెప్పుడైనా ఇన్ని రకాలు చేశావా అత్తయ్యా అని అడిగేశాను. అత్తయ్య అట్లకాడ తిప్పుతూ, "తినే పిల్లకి వండితే ఆ హ్యాపీనెస్సే వేరు లేవే. నువ్వు ప్లేటుని బ్లెస్ చేసి లేచిపోతావు" అంది.

మావయ్య సంగతి ఇంకా ఘోరం. నా పరిశోధన దేని గురించో రెండేళ్ళలో ఒక్కసారీ అడగని మనిషి, స్కీల అడుగున పూసే మైనంలో పండితుడైపోయాడు. మంచు పొడిగా ఉంటే ఒక రకం, తడిగా ఉంటే ఇంకో రకం, దాన్ని ఇస్త్రీపెట్టెతో కరిగించి పట్టించి, చల్లారాక గీకాలట. మా ఇస్త్రీపెట్టె ఆ పనికే అంకితమైపోయింది. ఒక ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, వెళ్ళే తొందరలో నేను దానితోనే నా వెంకటగిరి చీర ఇస్త్రీ చేసుకోబోతే కుచ్చిళ్ళ మీద అరచేయంత మైనపు మరక పడింది. ఏడుస్తూ చూపిస్తే మావయ్య అద్దాలు సవరించుకుని, ఇది నిన్నటి ఎరుపు రకం, బాగా పట్టిందే అన్నాడు. మంచు లేని నెలల్లో ఆ పిల్ల చక్రాల స్కీలు కట్టుకుని మా వీధి పొడుగునా సాధన చేసేది, ఇరుగుపొరుగు వాళ్ళు పని ఆపి చెయ్యి ఊపేవాళ్ళు. సెప్టెంబరులో గూళ్ళు కట్టుకున్న మ్యాగ్‌పై పిట్టలు అందరినీ తరిమినట్టే ఆమెనీ తరిమి, ఒకటి నెత్తిన ఠంగుమని పొడిచిన రోజున నేను కిటికీలోంచి చూసి మనసులో దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆమె హెల్మెట్ తీసి నవ్వుకుంటూ ఆ పిట్టని మెచ్చుకుంది. అది చూశాక నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అన్నిటికంటే నన్ను కోసేసింది ప్రార్థన కూటం. నెలకి రెండుసార్లు తెలుగు కుటుంబాలన్నీ ఎవరింట్లోనో చేరేవి, పాటలయ్యాక ప్రార్థన అంశాలు చెప్పుకునేవాళ్ళం. ఒకరి వీసా, ఒకరి కాన్పు, ఒకరి తండ్రి గుండె ఆపరేషన్. వాటి నడుమ మా అత్తయ్య లేచి నార్వే అమ్మాయి మోకాలు గురించీ, జట్టులో స్థానం గురించీ చెప్పేది, జన్మలో మంచు తొక్కని గుంటూరు జిల్లా పెద్దమనుషులు కళ్ళు మూసుకుని, ప్రభువా, ఆ బిడ్డ కాళ్ళు లేడికాళ్ళవలె చేయుమని గద్గదంగా వేడుకునేవాళ్ళు. నా థీసిస్ ఊసు చివర్లో, తక్కిన బిడ్డల చదువులను కూడా దీవించుము అనే ముక్కలో కలిసిపోయేది. నేను తక్కిన బిడ్డల్లో పడిపోయాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఉప్పు తేలిన నేలల మీద నా పరిశోధన. ఆ చదువు నాకు మొదటి ఏడాదే విరిగిపోయింది. పొద్దున్నే ల్యాబ్ తలుపు తెరవాలంటే చేతులు రావు, మట్టి వాసన వేస్తే వాంతి వచ్చినట్టుండేది. నా ప్రాణం లేచి వచ్చేది ఒక్క సండే స్కూల్లోనే, చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చెప్పేటప్పుడు. ఇది వదిలేసి పసిపిల్లల బడి టీచరు శిక్షణకి పోవాలని నాకు పీకలదాకా ఉండేది. కానీ ఎలా చెప్పడం? హైస్కూలు మాస్టారైన మా నాన్నకి ఇంట్లో మొదటి డాక్టరేట్ నేనే కావాలి. ఆ పిల్ల పందెం నాటికి నాకు మూడో ఏడు ముగియవస్తుంది, ఆలోగా ఎలాగైనా చెప్పెయ్యాలని, అంతకంటే ఆగితే ఇక ఎప్పటికీ చెప్పలేనని నాకు తెలుసు.

పందెం రోజు చీకట్లోనే బయల్దేరాం, మావయ్య స్టేషన్ వాగన్ నడుపుతుంటే అత్తయ్య ఒళ్ళో ఫ్లాస్కు, నా ఒళ్ళో పులిహోర డబ్బా. మంచు బరువుకి వంగిన యూకలిప్టస్ చెట్ల మధ్య చివరి గుట్ట మీద నన్ను స్టాప్‌వాచ్ ఇచ్చి నిలబెట్టారు. ముందు పోయేవాళ్ళకీ ఆమెకీ ఎన్ని సెకన్ల ఎడం ఉందో, ఆమె ఎక్కి వచ్చేటప్పుడు అరిచి చెప్పాలి, అది నా పని. మొదటి రెండు చుట్లూ సరిగ్గానే చెప్పాను. ఆఖరి చుట్టులో ఎడం తరిగిపోయింది, ఆ మాటే గొంతు చించుకుని అరిచాను. ఆమె తలెత్తి నా వంక చూసింది. ఆ చూపులో ఆనందం గాని ఆవేశం గాని ఏమీ లేదు, ఎవరో పక్కింటివాళ్ళ కబురు విన్నట్టు విని దాటిపోయింది. కొసన ఇద్దర్ని దాటి రెండోదిగా వచ్చింది. కోచ్ వచ్చి ఆమె భుజం తట్టి జట్టులోకి తీసుకున్నానన్నాడు. మావయ్య ముక్కూ మొహం తెలియనివాళ్ళందరితో చేతులు కలిపాడు, అత్తయ్య మంచులో మోకాళ్ళూని ప్రార్థన చేసింది. నేను పులిహోర పంచిపెట్టాను. ఆ పొద్దు నాలో అసూయకి అంతులేదు.

తిరుగుదారిలో కూమా ఊరు దాటాక, వెనక సీట్లో నా పక్కన కూర్చున్న ఆమె, తాను జట్టులోకి వెళ్ళడం లేదనీ, ఇక పందేలు మానేస్తున్నాననీ నిదానంగా ఇంగ్లీషులో చెప్పింది. మావయ్య కారు పక్కకి తీసి ఆపేశాడు. మోకాలా అంటే కాదు, ఎవరైనా ఏమైనా అన్నారా అంటే కాదు. గుట్ట మీద నువ్వు అరిచినప్పుడు నేను జట్టులోకి ఎక్కబోతున్నానని తెలిసింది, తెలిసినా నాకేమీ అనిపించలేదు, అంతే అంది నాతో. మళ్ళీ ఎక్కగలనో లేదో తేల్చుకోవాలనుకున్నాను, తేలిపోయింది, ఇది చాలు అంది. తరవాత పులిహోర ఇంకా ఉందా అని అడిగి డబ్బా ఖాళీ చేసింది.

ఇంటికి రాగానే వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. హాల్లో మేమంతా కొంప మునిగిన మొహాలతో కూర్చున్నాం. ఆమె వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు చెప్పింది, కాసేపు విన్నది, ఒకసారి గట్టిగా నవ్వింది, పెట్టేసింది. నాన్నగారేమన్నారని అత్తయ్య భయంభయంగా అడిగితే, అయితే ఈసారి వేసవికి ఏం చేద్దామనుకుంటున్నావు అని అడిగారు అని చెప్పింది. అంతేనా అన్నాను నేను. అంతే అంది.

గెలిచిందని, తిన్నదని, అత్తయ్యని పట్టుకుపోయిందని పడ్డ అసూయంతా ఆ ఒక్క మాట ముందు పిల్లాటైపోయింది. అసలైన అసూయ ఎలా ఉంటుందో నాకా సాయంత్రమే తెలిసింది. ఎలాగూ ఫోన్ చేతి కింద ఉంది కదా, నాన్నతో నువ్వూ రెండు ముక్కలు మాట్లాడవే అని అత్తయ్యే నంబరు తిప్పి ఇచ్చింది. చెప్పెయ్యాలనే అందుకున్నాను. నా మాట వినక ముందే నాన్న అవతల్నించి సముద్రం దాటేటట్టు అరుస్తూ, "అమ్మా, పోయిన ఆదివారం గుళ్ళో నీ గురించి సాక్ష్యం చెప్పానమ్మా. పేదింటి పిల్లని దేవుడు డాక్టరేట్ దాకా తీసుకుపోయాడని చెబితే సంఘమంతా ఏడ్చారు. పాస్టరు అయ్యగారు స్తోత్ర ప్రార్థన కూడా చేశారు" అన్నాడు. దేవుడి ముందు, సంఘం ముందు ఇచ్చిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే దారి మా ఇళ్ళల్లో లేదు. థీసిస్ బాగా నడుస్తోంది నాన్నా అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

తరవాతి కూటంలో అత్తయ్య ఆమె కోసం లేచి నిలబడింది గాని ఏమని అంశం ఇవ్వాలో పాపం తోచలేదు. గెలిపించమనీ నయం చెయ్యమనీ అడగడం అందరికీ వచ్చు, ఇష్టపడి మానేసిన మనిషి కోసం ఏమని అడగాలో ఒక్కరికీ రాదు. చివరికి ఒక పెద్దాయన, బిడ్డకు తిరిగి ఆసక్తి దయచేయుమని ముగించాడు. ఆ బిడ్డ కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుంది. డిసెంబరులో ఇంటికి పోకుండా బేట్‌మన్స్ బే సముద్రం ఒడ్డున నెల్లాళ్ళు గడిపి, ముక్కు మీద తోలు ఊడి, ఎర్రగా కాలి వచ్చింది. ఆ నెల్లాళ్ళూ నేను ల్యాబులోనే ఉన్నాను.

చదువు ముగించుకుని ఆమె తన ఊరికి పోయి అడవుల శాఖలో చేరింది, పెళ్ళి చేసుకుంది, ప్రతి క్రిస్మస్‌కీ అత్తయ్యకి కార్డు రాసేది. అత్తయ్య పోయేదాకా ఆమె ఫొటో ఫ్రిజ్ మీద నా ఫొటో కంటే పైన ఉండేది. నేను డాక్టరేట్ తెచ్చుకున్నాను, నాన్న రెండో సాక్ష్యం చెప్పుకున్నాడు, తరవాత ముప్పయ్యేళ్ళు సిడ్నీలో నేలల పరీక్షల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మంచి ఉద్యోగమే, మంచి మనుషులే, పనిలో నన్ను వేలెత్తి చూపినవాళ్ళు లేరు. ఇష్టం లేని పని బాగా చెయ్యడం మా తరానికి వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదనుకుంటాను.

ఇప్పటి పిల్లలకి ఆ బాధ లేదు. నాలుగేళ్ళ కిందట మా అమ్మాయి లా రెండో ఏడాదిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "అమ్మా, ఐ యామ్ డన్ విత్ లా. నాట్ గోయింగ్ బ్యాక్ టు యూని" అంది. ఏడవలేదు, భయపడలేదు, ఏదో నములుతూనే చెప్పింది. నేను సరేనమ్మా, మరి నీకేం చెయ్యాలనుంది అని అడిగాను. ఆ మాట విన్నవాళ్ళంతా ఎంత పెద్ద మనసండీ మీది, అలా అడగ్గలిగిన తల్లులెంతమంది అని ఇప్పటికీ మెచ్చుకుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ రోజు ఫోన్ పెట్టేశాక వంటింట్లో కుర్చీ లాక్కుని చాలాసేపు కూర్చున్నానని, బెంగతో కాదు, కన్న కూతురి మీద అసూయతో కూర్చున్నానని ఎవరితో చెప్పను?