తిండి దొరికితే తయారవని కణం

మా ల్యాబ్‌లో పెంచే నాచును చూసి బయటివాళ్లు, అక్వేరియం కడగలేదా అని అడుగుతారు. తప్పుపట్టలేం. మైక్రోస్కోప్ కింద మాత్రం అవి పచ్చపూసలు గుచ్చిన దారాలు. ఒక్కో పూస ఒక్కో కణం. నీళ్లలో నైట్రేటు, అంటే వాటికి నత్రజని ఇచ్చే తిండి, ఉన్నంతకాలం అన్నీ ఒకేలా ఉంటాయి. అది తీసేస్తే, దారంలో అక్కడక్కడా ఒక కణం గోడలు మందం చేసుకుని, ఆక్సిజన్ తయారీ మానేసి, గాలిలోని నత్రజనిని పట్టి పక్క కణాలకు పంచడం మొదలుపెడుతుంది. దాని పేరు హెటిరోసిస్టు. ఇక అది ఎన్నటికీ రెండుగా చీలదు. త్యాగం అని రాయాలనిపిస్తుంది గానీ, పక్క కణాలు దానికి చక్కెర పంపిస్తాయి. ఉద్యోగం అనడమే న్యాయం.

నేను ఢిల్లీలో ఆ ల్యాబ్‌లో చేరేసరికి మా సీనియర్ అక్క థీసిస్ చివర్లో ఉంది. విజయనగరం మనిషి. భర్త ఆర్మీలో, కాపురం కంటోన్మెంట్‌లో. ఆయనకు అస్సాం బదిలీ వచ్చింది. నెలాఖరులోగా ప్రయోగం పూర్తయితే అక్క కూడా వెళ్తుంది. లేకపోతే ఆయన, పాప అక్కడ. ఈవిడ ఇక్కడ హాస్టల్లో.

ఆవిడ ఒక నాచులో ఒక జన్యువు తీసేసింది. ఆ నాచు హెటిరోసిస్టులు చెయ్యలేదని చూపించాలి. అలా చూపాలంటే పక్కనే పెట్టిన మామూలు నాచు వాటిని చెయ్యాలి. రెండిటికీ నైట్రేటు ఆపేసింది. రెండూ చెయ్యలేదు. మళ్లీ ఆపింది. మళ్లీ అంతే.

"ఒరే, ఇవి నాతో ఆడుకుంటున్నాయిరా."

"నీతో కాదక్కా, నీ అస్సాంతో."

"నోర్ముయ్. నైట్రేటు పూర్తిగా పోలేదేమో."

"నువ్వే కడిగావుగా. నేను ప్రేక్షకుణ్ణి."

గైడ్ సార్ వచ్చి చూశారు. "మామూలుది భీ ఫెయిల్? దెన్ నో చాప్టర్." వెళ్లిపోయారు. ఆయన సానుభూతి ఎప్పుడూ అంత పొడవే.

నాచు పెంచే కల్చర్ రూమ్‌లో కొత్తవాళ్లకు షెల్ఫు ఇవ్వరు. అందుకని అక్క ఫ్లాస్కులో మిగిలిన, నైట్రేటు ఆపేసిన మామూలు నాచును, ఫోకస్ చెయ్యడం నేర్చుకుందామని, నా టేబుల్ మీద కిటికీ దగ్గర పెట్టుకున్నాను. రెండు రోజుల తర్వాత సాయంత్రం చూస్తే దారాల మధ్య లేతరంగు పూసలు.

"అక్కా, నా టేబుల్ మీదవి పనిచేస్తున్నాయి."

"నీ టేబుల్ మీద ఏదీ పనిచెయ్యదు."

వచ్చి చూసింది. కల్చర్ రూమ్‌లోకి నడిచింది. వెలుతురు చూసింది, వేడి చూసింది. ఆలోచిస్తూ, అలవాటుగా, షెల్ఫు అద్దం మీద నీలం క్లీనర్ కొట్టి తుడవబోయింది. ఫౌజీ ఇంటి శుభ్రం, ఢిల్లీ దుమ్ము. పొద్దున, సాయంత్రం ఆ అద్దాలు తుడవనిదే ఆవిడకు పని మొదలవదు. ముక్కుకు ఘాటు తగిలింది. చెయ్యి ఆగింది.

"ఒరే, దీన్లో ఏముంటుంది?"

లేబుల్ చదివాను. "అమోనియా."

ఫ్లాస్కు మూతికి ఉన్న దూది సూక్ష్మక్రిముల్ని ఆపుతుంది, వాయువును ఆపదు. అమోనియా అంటే నాచుకు వండి వడ్డించిన నత్రజని.

"రెండు పూటలా క్యారియర్ పంపావక్కా. ఇక ఎవడు పనికెళ్తాడు?"

అక్క సీసా నా చేతిలో పెట్టింది.

క్లీనర్ బయటికి పోయింది. ఫ్లాస్కులు కొత్తగా పెట్టింది. అద్దాల మీద దుమ్ము పేరుకుంది; దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ వేళ్లు కదిలేవి. మామూలు నాచులో హెటిరోసిస్టులు వచ్చాయి. రెండో స్లైడు జన్యువు తీసేసిన నాచుది. దాని మీద ఆవిడ చాలాసేపు వంగి ఉండి, లేచింది.

"నువ్వు చూడు. నా కళ్లను నేను నమ్మను."

ఆ చివర నుంచి ఈ చివరకు జరిపి చూశాను. "లేవక్కా. ఒక్కటీ లేదు."

ఏమీ లేదని చెప్పి నేనొక మనిషిని సంతోషపెట్టడం అదే మొదలు. అక్క ఫోన్ తీసి భర్తకు చేసింది.

"టికెట్లు మూడు తియ్యండి." అవతల ఆయన ఏదో చాలాసేపు మాట్లాడాడు. మంచి మాటలే అయ్యుంటాయి.

"అచ్ఛా, అచ్ఛా," అంది అక్క. "ముందు ఆ ఫ్రిజ్ ఖాళీ చెయ్యండి."