ఊరగాయ సీసాలో కప్పగుడ్లు

వెల్డా హోస్టెట్లర్‌కి కోపం కొత్త కాదు. పెన్సిల్వేనియా కొండల్లోని స్టేట్ పార్కులో ఇరవైరెండేళ్లుగా పిల్లలకు చెట్టూ పిట్టా చూపించి పాఠం చెబుతోంది. చాక్లెట్ కాగితం పారేసినవాణ్ణి అరమైలు వెంటపడి మరీ తలంటిన మనిషి. కానీ ఆ ఏప్రిల్ మంగళవారం వచ్చిన కోపం వేరు.

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు వారం వారం పార్కుకి వచ్చే రోజది. వెల్డాకి ఆ జనమంటే ప్రాణం. తన కూతురు జెనీల్‌కీ ఆవిడే వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చదువు చెప్పింది. పిచ్చిదన్నారు ఊళ్లోవాళ్లు. లెక్కచేయలేదు.

పార్కులో కరిగిన మంచు నీళ్లతో నిండే గుంట ఒకటుంది. వేసవికి ఎండిపోతుంది కాబట్టి అందులో చేపలుండవు. అందుకే అడవికప్పలు అక్కడ గుడ్లు పెడతాయి. అక్కడ పుట్టిన కప్పలు పెద్దయ్యాక మళ్లీ అక్కడికే వస్తాయి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వద్దని పైఆఫీసువాళ్లు అన్నారు. "తల్లులు పక్కనే ఉంటారండీ. ఏమైనా జరిగితే ఈ మంగళవారాల్నే ఎత్తేయండి" అని వెల్డా పూచీపడింది.

పొద్దున గుంటలో పదకొండు గుడ్లముద్దలున్నాయి, ఉడికిన సగ్గుబియ్యంలా. భోజనాలయ్యాక వెళ్లి చూస్తే నాలుగే మిగిలాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వయసులో పరుగెత్తుకెళ్లి గేటుకి గొలుసు వేసింది.

"ఒక్క బండి కదిలితే ఊరుకోను! తీసినవన్నీ బయట పెట్టండి!"

"మేమేం దొంగలమా వెల్డా?" అంది ఒక తల్లి.

"దొంగలే నయం. వాళ్లు పర్సు కొట్టేస్తే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఈ కప్పల్ని ఏ కొట్లో కొంటావమ్మా?"

మూతలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. శాండ్‌విచ్ డబ్బా, నీళ్ల సీసా, కాఫీ ఫ్లాస్కు. "ఏడాది చివర పిల్లల చదువు ఫైలు తనిఖీ చేసే ఆవిడకి ఏదో ఒకటి చూపించాలి కదా" అని ఒకావిడ. "ఒక్క ముద్దేగా తీసుకున్నాం!" అని ఆరుగురూ. పిల్లల ముందు కాబట్టి సరిపోయింది, లేకపోతే వెల్డా నోట్లోంచి ఇంకేం వచ్చేదో.

ఆరు ముద్దలు దొరికాయి. ఏడోది చివరి వ్యాన్‌లో ఉంది. వెనకసీట్లో ఎనిమిదేళ్ల కెజయా ఊరగాయ సీసాని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెల్డా మనవరాలు. స్టీరింగ్ ముందు జెనీల్.

"నువ్వా? ఇదేనటే నేను నీకు నేర్పింది?"

"ఇదే నేర్పావు," అంది జెనీల్. ఆ పిల్లకీ తల్లి కోపమే వచ్చింది. "ఏటా ఏప్రిల్లో మన వంటింటి కిటికీలో సీసా పెట్టేదానివి కాదూ? నాచేతే నింపించేదానివి. తోకకప్పలకి కాళ్లొచ్చేదాకా బొమ్మలు గీయించేదానివి. అవి చూపించే కదా ఈ ఉద్యోగం తెచ్చుకున్నావు! ఇప్పుడు నలుగురిలో నన్ను నిలదీస్తావా?"

"అప్పుడు బోలెడుండేవే."

"మన ఇంటి వెనక గుంటలోవి. ఇప్పుడెన్నున్నాయమ్మా అందులో?"

ఆ గుంటలో కప్ప అరిచి పదిహేనేళ్లు దాటింది. పక్కింటి బ్రూబేకర్ మొక్కజొన్న చేలో కొట్టే మందే కారణమని వెల్డా ఊరంతా చాటింది. ఈ పదిహేనేళ్లూ ఆయనతో మాటల్లేవు. ఒక్కసారైనా ఆ కిటికీ వైపు చూసి ఆలోచించిందా? లేదు. తనమీద తనకే ఒళ్లు మండిపోయింది.

"అమ్మమ్మా," అంది కెజయా, సీసా అందిస్తూ. "మీ ఇంటి వెనక కప్పలుండేవా?"

"ఉండేవి. నేనే ఖాళీ చేశాను."

గుడ్లన్నీ గుంటలో వదిలి వచ్చి గొలుసు తీసింది. వ్యాన్లు అక్కడ ఉండగానే ఆఫీసుకి ఫోన్ చేసి, ఇచ్చిన మాట ప్రకారం మంగళవారాల్ని ఎత్తేయమంది. ఎవరు తీశారని అడిగారు అవతల.

"ఏడుగురు," అంది వెల్డా. "మొదటి పేరు నాది రాసుకోండి."