పిన్నిగారి లిఫ్టు డ్రిల్లు

కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్లో బాలాత్రిపురసుందరి గారి కంటపడి, నడుం వంచి నిలబడి, మాట పడకుండా ఇల్లు చేరినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆవిడ ఎవరిదైనా ముందు వెన్నెముక చూస్తుంది, ముఖం తర్వాత. మనం నమస్కారం పెడితే, "నమస్కారానికేం గానీ, ఆ భుజాలేవిటమ్మా, తడి చొక్కా ఆరేసినట్టు?" అంటుంది.

గోదావరి జిల్లాలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. రిటైరయింది స్కూలు నుంచే, డ్రిల్లు నుంచి కాదు. చీర కిందకి తెల్ల కాన్వాస్ బూట్లు ఇప్పటికీ ఉన్నాయి, మెడలో ఈల ఒక్కటే తక్కువ. అందరం పిన్నిగారూ అని పిలుస్తాం. ఆవిడ భర్త నరసింహమూర్తి గారు మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఆయన వాటా మాటలు కూడా ఆవిడే వాడేస్తుందని మా అనుమానం.

ఒకరోజు వాచ్‌మన్ పెద్దన్న నీళ్ళ క్యాన్ భుజానికెత్తబోతున్నాడు. "ఆగవయ్యా. ఊపిరి బిగబట్టి ఎత్తుతున్నావు. బరువంతా కిందకి దిగుతుంది. ముందు ఊపిరి వదులు," అంది పిన్నిగారు. పెద్దన్న ఊపిరి వదిలాడు. దాంతోపాటు క్యాన్ కూడా వదిలేశాడు. అది దొర్లుకుంటూ పోయి సెల్లార్లో ఎవరిదో కారు కింద దూరింది.

"నువ్వే గదమ్మా వదలమన్నవ్," అన్నాడు పెద్దన్న.

"ఊపిరి వదలమన్నాను నాయనా."

"రొండు పనులు ఒక్కసారి చెప్తే పరేషాన్ అయితదమ్మా," అని వాడు కారు కిందకి పాకాడు. పాకుతున్నవాడి నడుం కూడా ఆవిడకి నచ్చలేదు.

కానీ ఆవిడ అసలు గ్రౌండు మా లిఫ్టే. పొద్దున్నే వాకింగ్ ముగించుకుని, ఆఫీసులకి పోయేవాళ్ళూ పాలప్యాకెట్లకొచ్చినవాళ్ళూ కిక్కిరిసిన వేళ చూసి ఎక్కుతుంది. లిఫ్టు కదలగానే మొదలు. "ఊఁ, కానివ్వండి. ఒంటికి వెళ్ళకుండా ఆపుకుంటాం చూడండి, అలా బిగించి, లిఫ్టుతో పాటు లోపల మెల్లగా పైకి లాగాలి. అంతస్తు మారిన కొద్దీ ఇంకాస్త. ఊపిరి మాత్రం ఆడుతూనే ఉండాలి."

కొత్తగా అద్దెకొచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఏం లాగాలో తెలియక లాప్‌టాప్ బ్యాగులు పైకి లాక్కునేవాళ్ళు. అసోసియేషన్ ప్రెసిడెంటు భీమేశ్వరరావు గారు పొట్ట లోపలికి పీల్చి, కనుబొమలు పైకెత్తి, తన అంతస్తు వచ్చేదాకా అలాగే ఉండిపోయేవారు.

"లాగాల్సింది కనుబొమలు కాదండీ," అనేది పిన్నిగారు.

"మరి ఏవిటండీ?"

"అది తెలిసినవాళ్ళకి తెలుస్తుంది లెండి. మీరు నిటారుగా నిలబడండి, చాలు."

ఇక నా సంగతి. మాది నంద్యాల వైపు. పాప రసజ్ఞ పుట్టాక నేను నవ్వడం మానేశాను. దిగులు పడి కాదు. నవ్వితే బట్టలు తడిసిపోయేవి. తుమ్మినా అంతే, దగ్గినా అంతే, పాపను ఎత్తుకుని లేచినా అంతే. మా అమ్మ పాత నూలు చీరతో నా పొట్టకి నడికట్టు కట్టి, గోడకి కాలు తన్నిపెట్టి మరీ బిగించేది. "పొట్ట లోపలికి పోవల్ల మే," అనేది. పొట్ట లోపలికి పోయిందో లేదో గానీ దాని భారమంతా కిందకి దిగినట్టుండేది. తడిసే సంగతి చెబితే, "కాన్పయినంక అందరికీ ఇంతే మే. నాకిప్పటికీ అంతే," అంది. ఆ 'ఇప్పటికీ' అన్న మాట వినగానే అమ్మ వయసులోంచి నా వయసు తీసేసి చూసుకున్నాను.

మా ఆయన లోహిత్ మంచివాడే గానీ జోకులేస్తాడు. వేసినప్పుడల్లా నేను కాలు మీద కాలు మెలేసుకుని, పళ్ళు బిగబట్టి, అతనికేసి గుడ్లురిమి చూసేదాన్ని.

"నేనేం చేశానే?" అనేవాడు.

"ఏమీ చేయలేదు. జోకు ఆపు."

నాకేదో కోపమొచ్చిందనుకుని గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. గిన్నెలు శుభ్రంగా వస్తున్నాయి కదా అని నేనూ కొన్నాళ్ళు నిజం చెప్పలేదు.

అసలు భయం ఆఫీసు గురించి. సెలవు అయిపోవస్తోంది. హైటెక్ సిటీలో మా టీమ్ ఎలాంటిదంటే, మీటింగులో సగం పని, సగం పగలబడి నవ్వడం. అక్కడ అందరి మధ్యా ఏమైనా జరిగితే తల ఎక్కడ పెట్టుకోను? ఉద్యోగం మానేద్దామనుకున్నాను. రాజీనామాలో కారణం ఏమని రాయాలో తెలియక ఆగాను.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున పాపను చంకనేసుకుని లిఫ్టెక్కాను. నిండా జనం. ఎవరో పూసుకున్న సెంటుకి నా ముక్కు దురద పెట్టింది. తుమ్ము రాబోతోందని కాళ్ళు మెలేసుకున్నాను. అదే క్షణంలో పిన్నిగారు భీమేశ్వరరావు గారి మీద విరుచుకుపడింది. "ఏవండీ, ఆ నిలబడడమేవిటి? అందరూ బిగించండి, ఇప్పుడే, పైకి." భయానికి నేనూ బిగించాను. తుమ్ము వచ్చింది. తుమ్ము ఒక్కటే వచ్చింది. పిన్నిగారు నావైపు చూడనే లేదు, ఆయన భుజాలు సర్దే పనిలో ఉంది.

అప్పట్నుంచీ పని ఉన్నా లేకపోయినా ఆ వేళకి లిఫ్టెక్కడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి పిన్నిగారు, "తేజా, నా మోకాలు చూపించుకోవాలి, తోడు రామ్మా," అంది. వెళ్ళింది వాసంతి అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి. బాలింతలకొచ్చే ఇబ్బందులు చూడడంలో ఆ డాక్టరమ్మకి మంచి పేరట. మా వంతు రాగానే పిన్నిగారు మోకాలు ఒకసారి ఆడించి చూసుకుంది. "అరె, తగ్గిపోయిందే. అపాయింట్‌మెంటు వృథా పోతుంది, నువ్వెళ్ళు," అని నన్ను లోపలికి తోసి, బయట బెంచీ మీద పేపరు విప్పింది.

వాసంతి గారు అన్నీ అడిగి, పరీక్ష చేసి, నడికట్టు అంత బిగించొద్దని చెప్పి, చివరికి అన్నారు. "పైకి లాగడం బాగానే వచ్చింది మీకు. కానీ మళ్ళీ కిందకి వదలడం అసలు రాలేదు. కండ పూర్తిగా వదులైతేనే మళ్ళీ పట్టు దొరుకుతుంది. ఇదెవరూ నేర్పలేదా?"

బయటకొచ్చి పిన్నిగారిని అడిగాను. ఆవిడ పేపరు మడిచి చంకలో పెట్టుకుంది.

"నేను దిగేటప్పుడు మెట్ల మీద దిగుతానమ్మా. ఆ పాఠం చెప్పే అవకాశం రాలేదు."

మర్నాటి నుంచి ఆవిడ లిఫ్టులో పైకెక్కి, అదే లిఫ్టులో కిందకి దిగడం మొదలుపెట్టింది. "మెల్లగా వదలండి, అంతస్తు అంతస్తుకీ," అంటూ. పెద్దన్న ఆశ్చర్యపోయాడు. "ఏందమ్మా, మెట్లు దిగుతలేవు, కాళ్ళు నొస్తున్నయా?"

"కాదయ్యా, సిలబస్ మిగిలిపోయింది."

వాసంతి గారు చెప్పినవి ఇంట్లో రోజూ చేశాను. పాపను ఎత్తేముందు ఊపిరి వదలడం, ఒక పక్కకి ఒరిగి చంకనేసుకోకపోవడం, కూర్చుంటే సోఫాలో కూరుకుపోకుండా కూర్చోవడం. మెల్లమెల్లగా తేడా తెలిసింది. అయినా నవ్వే ధైర్యం మాత్రం రాలేదు.

రేపు ఆఫీసనగా, ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి గిన్నెలో పెట్టుకుని పిన్నిగారికిద్దామని వెళ్ళాను. తలుపు ఓరగా తీసుంది. లోపలికి తొంగిచూసి అక్కడే నిలబడిపోయాను. నరసింహమూర్తి గారు సోఫాలో ఎంతగా జారిపోయారంటే, వీపు ఉండాల్సిన చోట తల ఉంది. పక్కనే పిన్నిగారు, బూట్లు విప్పి, కాళ్ళు టీపాయి మీద పారేసి, బియ్యం బస్తాలా కూలబడి సీరియల్ చూస్తోంది.

"పిన్నిగారూ, ఏంటండీ ఇది?"

"ఏవుందమ్మా, మా ఇల్లే కదా," అంది కదలకుండా.

"మరి బాబాయిగారిని ఏమీ అనరా?"

అప్పుడు మొదటిసారి నరసింహమూర్తి గారి గొంతు విన్నాను. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాగే కూర్చుంటున్నానమ్మా. ఒక్కనాడూ ఏమనలేదు."

పిన్నిగారు టీవీ గొంతు తగ్గించింది. "మగవాళ్ళ నడుములతో నాకేం పనే? మొదటి కాన్పయ్యాక నాకూ నీలాగే ఉండేది. పిల్లలకి గెంతమని చెప్పి నేను గెంతలేకపోయేదాన్ని. మా హెడ్మిస్ట్రెస్ గారు స్టాఫ్‌రూమంతా వింటుండగా నన్నొక్కదాన్నే పిలిచి, ఈ కసరత్తే చేయమన్నారు. మంచి మాటే. కానీ సిగ్గుతో చచ్చి చాన్నాళ్ళు చేయనే లేదు. నీ ఒక్కదానికే చెబితే లిఫ్టంతా నీవంక చూడదూ? అందుకే అందరినీ కలిపి తిడతాను. పాపం, భీమేశ్వరరావు గారి నడుం నిక్షేపంలా ఉంది."

"ఆయనకా సంగతి తెలుసా?"

"చెప్పకు. పొట్ట తగ్గిందని మొన్న స్వీట్లు పంచాడు."

అంతే, నవ్వొచ్చేసింది. ఆపుకోలేదు, కాళ్ళు మెలేసుకోలేదు, గిన్నె పక్కన పెట్టి నేల మీద కూర్చుని పగలబడి నవ్వాను. నవ్వీ నవ్వీ అలసిపోయాక చూసుకుంటే, నా కళ్ళు తప్ప ఇంకేవీ తడవలేదు. ఆ సంతోషానికి మళ్ళీ నవ్వాను.

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. కింది అంతస్తు రేణుక. నెలల పిల్లాడి తల్లి. గుమ్మంలో నడుం వంచుకుని, కాలికి కాలు ఆనించి ముడుచుకుని నిలబడింది.

"పిన్నిగారూ, పెరుగు తోడుకు జర ఇస్తరా?" అంది. గిన్నె మాత్రం తెచ్చుకోలేదు.

పిన్నిగారు సోఫాలోంచి లేచిన వేగానికి టీపాయి కదిలింది. "ఏవండీ, ఆ కూర్చోవడమేవిటండీ? మనిషన్నాక వెన్నెముక ఉండొద్దూ?" అని భర్త మీద పడింది. నరసింహమూర్తి గారు సంగతి గ్రహించి, నిటారుగా సర్దుకుని కూర్చున్నారు.

"ఒక్కళ్ళయినా సరిగ్గా ఉంటారేమోనని చూస్తాను, ఉండరే," అంటూ నావైపు తిరిగింది. నేను గబుక్కున భుజాలు జారేసి, వీలైనంత వంకరగా కూర్చున్నాను.