అంగారకుని మీద మా కుంట

పోయినేడు మట్టెద్దుల అమాసకి అమ్మ రోడ్డు పక్క మన్ను తెచ్చి ఎద్దులు చేసింది. ఆరకముందే కాళ్లు విరిగినాయి. "ఇది మన్నా, బూడిదా? థూ!" అని ముద్దను గోడకేసి కొట్టింది. నవ్వితే ఇంకో ముద్ద నా మీదికొస్తాదని గమ్మునుండిపోయినా.

ఎద్దులకి మన్నంటే మా చేని కుంటదే. నీళ్లింకినాక పైన పెచ్చులు లేస్తాయి. అవి తీసి, కింద ఇసక గీకేస్తే, వెన్నమాదిరి నల్లమన్ను. పూజైనాక మర్నాడు ఎద్దుల్ని మళ్లీ ఆ కుంటలోనే కలిపేది అమ్మ. పోయినేడు అమాసకి ముందే చేను సోలారు కరెంటు పార్కుకి గుత్తకిచ్చినాం, కుంట కూడా కంచె లోపలికి పోయింది. నేను ఆ పార్కులోనే ఇంకో పక్క పలకల కింద గడ్డి పెరికే కూలికి పోతాండా. మా చేని దిక్కు పోనీరు. సూపర్‌వైజర్‌ని అడిగితే, "కుంటేందమ్మా, ఆడ అంతా చదును చేసేసినాం" అన్నాడు. అమ్మ నమ్మలేదు. "వానికేం తెలుసు మే, నిన్న మొన్న వచ్చినోడు!" అనింది.

ఈ ఏడు మళ్లీ అమాస దగ్గర పడినప్పుడు నా ఫోన్లోకి ఒక వార్త, దాంతో ఒక ఫోటో వచ్చింది. పెద్ద గుంత, దాంట్లో పొరలు పొరలుగా రాయి, పైన పెచ్చులు లేచినట్ల బీటలు. అమ్మ ఫోను గుంజుకునింది.

"చూడు మే, ఉండాది! నేను చెప్పలే? ఇదో, ఈ పొర కిందనే మన మన్ను. ఎవురు తీసినారు ఫోటో? వాళ్లని లోపలికి ఎట్ల పోనిచ్చినారు?"

ఆ మొగంలో సంతోషం చూస్తే నాకు చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పినా. "అది అంగారకుడమ్మా, ఆకాశంలో ఉండే ఇంకో లోకం. ఎప్పుడో పెద్ద రాయొచ్చి గుద్దితే ఆ గుంత పడిందంట. దాంట్లో నీళ్లు నిలిచి, ఒండ్రు పేరుకోని, పొరలన్నీ రాయైపోయినాయంట. మిషన్ని పంపి ఫోటో తీసినారు."

"నీళ్లు ఎప్పుడు పోయినాయంట?"

"కోట్ల ఏండ్లాయనంట."

అమ్మ ఫోను కండ్ల దగ్గరికి తెచ్చుకోని మళ్లీ చూసింది. "అన్నేండ్ల కిందటి కుంట చూసేకి అంత దూరం పోయినారే. మనది మొన్నటిదే కదా మే, ఆ గేటు తీయరా?"

ఫోను తీసుకోబోతే చెయ్యి పట్టుకునింది.

"ఈ ఫోటో తీసెయ్యొద్దు."

"మనది కాదు కదమ్మా."

"కాదులే. అచ్చం అట్లే ఉండేది."